సొరంగంలోంచి పిల్లల్ని బయటికి తెచ్చిన బాషా అన్నకి

బాషా అన్న పోయాడు.

నిన్న పొద్దున దుబాయ్‌లో, డేరా ఏరియాలో మా ఆఫీసుకి అప్పుడే వచ్చి కూర్చున్నాను. మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. "ఏ బాషా?" అన్నాను. తెలియక కాదు. ఇంకో బాషా అయితే బాగుండని.

తెల్లారి నమాజుకి లేచి, రూమ్‌లో ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే ఖలాస్.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న గురువారమే నాతో చారులో పులుపు ఎక్కువైందని వాదించాడు. నేను పంపిన చారే!

గ్రూప్‌లో కొత్తగా చేరినవాళ్లకి చెప్తున్నా. షార్జాలో, రోలా ఏరియాలో, మా బిల్డింగ్ కింద బుక్‌షాపులో మేగజైన్ల సెక్షన్ ఆయనది. ఓనర్ వేరే, ముదీర్ అంటే మేనేజర్, ఆయనా వేరే. కానీ పిల్లల లెక్కలో ఆ షాపు బాషా మామదే.

బ్రిటన్ నుంచి వారం వారం వచ్చే కామిక్స్ ఆ షాపుకి ప్రాణం. అల్లరి పిల్లలు, వాళ్ల వెంటపడే మాస్టార్లు, మాట్లాడే కుక్కలు. ఓడలో వచ్చేవి కాబట్టి అక్కడ పాతబడ్డాక ఇక్కడ కొత్తవి.

అమ్ముడుపోని కాపీల్ని కంపెనీవాళ్లు మోసుకెళ్లరు. కవర్ మీద పేరున్న పైముక్క ఒక్కటి చింపి ఇస్తే చాలు, మిగతాది చెత్త కిందే లెక్క. అన్న స్టీల్ స్కేల్ పెట్టి, కింది బొమ్మకి గీత పడకుండా ఆ ముక్క చింపేవాడు. పారేయాల్సిన పుస్తకాలు పిల్లలకి ఇవ్వొచ్చా అని కంపెనీ మనిషిని ముందే అడిగిపెట్టుకున్నాడు. ఆయన తీసుకుపో అన్నాడు.

అలా మా బిల్డింగ్ పిల్లలంతా తల లేని కామిక్స్ చదివి పెరిగారు.

ఒకసారి లండన్ నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. చేతిలో సరికొత్త కామిక్, పైన పెద్ద అక్షరాలతో పేరు. మా పాప హారిక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది డూప్లికేట్. ఒరిజినల్‌కి పేరుండదు" అని తేల్చేసింది. మిగతా పిల్లలంతా దానికే వంత. పాపం ఆ పిల్లాడు ఏడుపొక్కటే తక్కువ.

ఈ సంగతి చెప్తే బాషా అన్న అట్టపెట్టె మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

తర్వాత్తర్వాత కామిక్స్ తగ్గిపోయాయి. ఒక్కొక్కటే రావడం మానేసింది. వచ్చేవాటికి ప్లాస్టిక్ కవర్, లోపల ఒక బొమ్మ, నాలుగు పేజీలు. "ముందు బుక్కు కొంటే బొమ్మ ఫ్రీ మేడమ్. ఇప్పుడు బొమ్మ కొంటే బుక్కు ఫ్రీ" అనేవాడు. ముదీర్ ఆ ర్యాక్‌లో సగం ఫోన్ కార్డులకి ఇచ్చేశాడు.

కానీ ఈ పోస్ట్ దాని గురించి కాదు. ర్యాకులు వస్తాయి, పోతాయి.

కిందటేడు పిల్లలంతా ప్రాణంగా చదివే వీక్లీ ఒకటి ఉండేది. అందులో వారానికో పేజీ సీరియల్. ఒక అక్కా తమ్ముడూ పాత రైలు సొరంగంలో చిక్కుకుపోతారు. సరిగ్గా వాళ్ల టార్చ్ ఆరిపోయిన వారం, ఆ వీక్లీ ఆగిపోయింది. అక్కడ ఎప్పుడో మూతపడిందట. మనకి కబురు ఆలస్యంగా అందింది.

హారికకి అప్పుడు ఏడేళ్లు. అసలే దానికి చీకటంటే భయం. ఇక చూసుకోండి. లైట్ తీస్తే కేకలు. వాళ్లు ఇంకా లోపలే ఉన్నారని ఏడుపు. అదంతా కథేనని నేను చెప్పాను, వాళ్ల నాన్న చెప్పాడు. వింటేగా!

వచ్చే వారం వస్తుందని ఒక అబద్ధం చెప్పమని అన్నని నేనే బతిమాలాను.

ఆయన ఒప్పుకోలేదు. "రానిదాన్ని వస్తా ఉండాదని పిల్లోళ్లకి చెప్పకూడదు మేడమ్. ఎదురుచూస్తా కూచుంటారు" అన్నాడు.

హారికని పిలిచి, ఆ పుస్తకం అయిపోయింది, ఇంక రాదని మొహం మీదే చెప్పేశాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాత దాని పక్కన కింద కూర్చుని చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. ఆ రోజు నుంచి అది లైట్ తీసేసి పడుకుంటోంది. ఏం చెప్పాడని నేను ఎంత అడిగినా, బాషా మామ ఎవరికీ చెప్పొద్దన్నాడు అనేది.

నిన్న సాయంత్రం పిల్లలంతా మా హాల్లో చేరారు. ఎవరూ పిలవలేదు. ఉన్నట్టుండి హారిక నోరు విప్పింది. టార్చ్ ఆరిపోయాక అక్క గోడ మీద చెయ్యి వేసి నడిచిందట. కాసేపటికి చీకటే అలవాటైందట. అలా బయటికొచ్చారట.

పై ఫ్లోర్ ఇమ్రాన్ లేచి, కాదు అన్నాడు. వాడికి నత్తి. నలుగురిలో మాట్లాడడు. నిన్న మాట్లాడాడు. తమ్ముడు కేక వేశాడట. మాట తొందరగా రాలేదట. అయినా బయట ఉన్న గార్డు, ఆ మాట పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి విన్నాడట.

వాడు చెప్పడం ముగించేదాకా మా హాల్లో ఒక్కళ్లూ కదల్లేదు.

తర్వాత స్నేహ. వరంగల్ నుంచి వచ్చిన కొత్తలో దానికి ఒక్క ఫ్రెండ్ కూడా లేదు. దాని కథలో, సొరంగంలో వాళ్లకి ఇంకో పిల్ల కనిపిస్తుంది.

ఇలా అందరూ. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. అన్నీ బాషా మామ చెప్పినవే. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అప్పుడు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

కామిక్స్ చచ్చిపోతున్నాయని అందరూ అంటున్నారు. అననీండి. ఆ కంపెనీ ఒక్క ముగింపు కూడా ఇవ్వకుండా తలుపు వేసుకుంది. మా అన్న మాత్రం బిల్డింగ్‌లో ఏ బిడ్డనీ లోపల వదిలేయలేదు. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెప్తాను.

ఆయన్ని సొంతూరు నెల్లూరు పంపే కాగితాల పని మా ఆయనా, రూమ్ వాళ్లూ చూస్తున్నారు. ఆఖరి చూపు చూసుకోవాలనుకునేవాళ్లు నాకు ఫోన్ చేయండి. పిల్లల్ని కూడా తీసుకురండి. వాళ్లకి నిజమే చెప్పి తీసుకురండి.

వెళ్లిరా అన్నా. అల్లా నీకు చల్లని చోటు ఇవ్వాలి, నీ మనసుకి శాంతి దొరకాలి.