మా బాత్రూమ్‌లో జరిగిన సన్యాస దీక్ష

సన్యాసం ఇచ్చేముందు స్వామీజీలైనా పుచ్చుకునే మనిషి ఇష్టం కనుక్కుంటారు. నేను కనుక్కోలేదు. భార్యతో, మనవలతో నిక్షేపంగా ఉన్న ఒక పెద్దమనిషికి వాషింగ్ మెషీన్ సాయంతో తెల్లారేసరికి కాషాయం కట్టబెట్టాను. ఎలాగో చెబుతాను. చెబుతుంటే నాకు మళ్ళీ కోపం వస్తుంది. మధ్యలో గొంతు పెరిగితే అది మీ మీద కాదని గ్రహించండి.

కోపం ముందుగా ఆ బాత్రూమ్ మీద. అమలాపురంలో మేం అద్దెకుండేది మేడమీద వాటా. కట్టించినాయన హాలుకి కిటికీల మీద కిటికీలు పెట్టాడు. పూజగది తలుపులకి గంటలు పెట్టాడు. బాత్రూమ్ దగ్గరికొచ్చేసరికి ఆయనకి విసుగు పుట్టినట్టుంది. తలుపు పూర్తిగా తీస్తే బకెట్‌కి కొట్టుకుంటుంది. వంగితే మోచెయ్యి కుళాయికి తగులుతుంది. తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి గోడకి ఒకే ఒక్క స్టీలు కమ్మీ. ఇంట్లో నేను, మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు, మొత్తం నలుగురం. ఇంకో కమ్మీ బిగించుకుంటామని ఇంటాయన్ని ఎంతో మర్యాదగా అడిగాను.

"మేకు దిగితే టైల్సు బీటలిస్తాయండి. డాబా మీద బోలెడు చోటుంది కదండీ, అక్కడ ఆరేసుకోండి" అన్నాడు.

"వానాకాలం కదండీ."

"ఆయ్. వాన తగ్గేకే ఆరేసుకోండి."

కోనసీమలో శ్రావణమాసంలో వాన తగ్గేదాకా ఆగిన తువ్వాలు కార్తీకానికి ఆరుతుంది. అందాకా ఒళ్ళు దేనితో తుడుచుకోవాలో ఆయన చెప్పలేదు.

ఇక మా ఇంట్లో జరిగే అన్యాయం వినండి. అందరికన్నా ముందు లేచి, స్నానం చేసి, వంటలో పడేది నేను. అంచేత కమ్మీ మీద మొట్టమొదట పడేది నా తువ్వాలు. దాని మీద పెద్దపిల్లది, దాని మీద చిన్నపిల్లది, అన్నిటి మీదా దుప్పటంత మా ఆయనది. ఆ బరువు కింద నా తువ్వాలు ఊపిరాడక రోజంతా ఉడుకుతుంది. మర్నాడు దానితో తుడుచుకుంటే స్నానం చేసినట్టుండదు, తడిసిన గోనెసంచిలో దూరి బయటికొచ్చినట్టుంటుంది. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఒకరోజు మొదటి బెంచీ పిల్ల ముక్కు ఎగబీల్చి, "మేడమ్, ల్యాబ్‌లో ఏదైనా సీసా పగిలిందాండీ?" అని అడిగింది. ల్యాబ్ తెరిచి వారమైంది. ఆ వాసన నాది.

ఇంటికొచ్చి మా ఆయన్ని నిలబెట్టాను.

"మీ తడి తువ్వాలు నా దాని మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పేను?"

"పక్కన చోటు లేదు కదే."

"అయితే భుజాన వేసుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళండి. అక్కడ ఫ్యాన్లు ఊరికే తిరుగుతుంటాయి."

ఆయన బజారుకెళ్ళి ఎర్రటి కాశీ తువ్వాలు కొనుక్కొచ్చారు. "పల్చగా ఉంటుంది, ఇట్టే ఆరిపోతుంది" అన్నారు, దేశసమస్య తీర్చినవాడిలాగా. మర్నాడు ఆయన స్నానం చేసి వచ్చాక చూస్తే నేలంతా ఎర్రటి నీళ్ళు. గడ్డం గీసుకుంటూ గొంతు కోసుకున్నారేమోనని నా గుండె ఆగినంత పనైంది.

"రంగు పోతోందండీ ఇది."

"మొదట్లో పోతుంది. తరవాత అదే ఆగుతుంది."

ఆయన ఏ సమస్యకైనా చెప్పే సమాధానం అదే.

ఇలా నేను ఉడికిపోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం కాలేజీ నుంచి నిలువునా తడిసి ఇంటికొచ్చాను. మా ఆయన లేరు. పిల్లలు ట్యూషన్‌లో ఉన్నారు. తల తుడుచుకుందామని బాత్రూమ్ తలుపు తోస్తే, కమ్మీ ఈ చివర నుంచి ఆ చివరదాకా పొడుగాటి తెల్ల పంచె ఆరేసి ఉంది. దానికి చోటివ్వడం కోసం మా నలుగురి తువ్వాళ్ళూ బకెట్ మీద కుప్పగా పడున్నాయి. నా తువ్వాలు, మామూలుగానే, అన్నిటికన్నా అడుగున ఉంది. సగం బకెట్ నీళ్ళలో ఉంది.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం, గొడవ చాలదన్నట్టు మా ఆయన పంచె కూడా కొన్నారనుకున్నాను. కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆరేసుకోండి, ఇంకో నాలుగు కొనుక్కొచ్చి ఆరేసుకోండి" అని ఖాళీ ఇంట్లో పైకే తిట్టుకుంటూ పంచె లాగేసి, తువ్వాళ్ళన్నీ దానితో కలిపి వాటేసుకుని, ఎర్రదీ తెల్లదీ చూడకుండా మెషీన్‌లో కుక్కి, వేడినీళ్ళ మీట నొక్కాను. మెషీన్ తిరగడం మొదలుపెట్టాక గాని నా ఒంట్లో తిరగడం ఆగలేదు. కాఫీ కలుపుకుంటుంటే కరెంటు పోయింది. మా మెషీన్‌కి తలుపు ముందువైపు ఉంటుంది. నడుస్తుండగా కరెంటు పోతే బిగుసుకుపోతుంది, మళ్ళీ వచ్చేదాకా బతిమాలినా రాదు. పోనీలే, నాననీ అనుకున్నాను.

అప్పుడు మెట్ల మీద రెండు గొడుగులు దులిపిన చప్పుడైంది. మా ఆయన, ఆయన వెనక పెదమావయ్యగారు.

పెదమావయ్యగారంటే మా మామగారి అన్నగారు. కొత్తపేట అవతల ఊళ్ళో ఉంటారు. వేదం చదువుకున్న మనిషి, మడి విషయంలో మహా గట్టి. ఉతికి ఆరేసిన పంచె ఆయన కట్టుకునేలోపల ఇంకో చెయ్యి తగిలితే ఇక అది ఆయన లెక్కలో ఇల్లు తుడిచే గుడ్డే. మర్నాడు పొద్దున్నే అల్లవరంలో ఎవరిదో గృహప్రవేశం చేయించాలట. ఆ మధ్యాహ్నమే మా ఇంటికొచ్చి, దారిలో బస్సు బురద చిమ్మితే కట్టుకున్న పంచె పాడైందని మా ఆయన లుంగీ కట్టుకుని, మర్నాటికి మడిపంచె తడిపి ఆరేసుకుని, గుడికి వెళ్ళొస్తున్నారు. ఈ సంగతులన్నీ నాకు ఒక్క ఫోన్లో చెప్పొచ్చు. మా ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదండీ అంటే, "నువ్వు క్లాసులో ఉంటావని" అన్నారు. నేను క్లాసులో ఉన్నప్పుడే ఆయన ఉప్పు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికి ఫోను చేస్తారు.

పెదమావయ్యగారు టార్చిలైటు పట్టుకుని నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళారు. అంత వేగంగానూ బయటికి వచ్చారు.

"అమ్మాయ్, కమ్మీ మీద నా మడిపంచె ఏదమ్మా?"

"మెషీన్‌లో ఉందండీ."

"ఎవరు వేసేరు?"

"నేనేనండి. మీదని తెలీదండి."

"స్నానం చేసి ముట్టుకున్నావా?"

"వాన్లో పూర్తిగా తడిసి వచ్చేనండి."

"అది స్నానం కాదు."

మా ఆయన మధ్యలో కల్పించుకున్నారు. "పెదనాన్నగారూ, ఇప్పుడది నీళ్ళలో ఉంది. తలుపు పడిపోయింది కాబట్టి కావాలన్నా ఎవరూ ముట్టుకోలేరు. ఒకవిధంగా చూస్తే ఇంతకన్నా మడి ఎక్కడుంటుందండీ?"

పెదమావయ్యగారు టార్చిలైటు ఆయన మొహం మీదికి తిప్పారు. చివరికి, పొద్దున్న స్నానం చేసి తానే తీసుకుంటానని, తడిబట్ట మడికి పనికొస్తుందని, అందాకా ఆ యంత్రం దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దని శాసించి పడుకున్నారు. ఎర్ర తువ్వాలు సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా ఆయన చెవిలో చెప్పాను.

"ఆగిపోయుంటుందిలే రంగు" అన్నారు.

తెల్లవారుతుండగా కరెంటొచ్చింది. పెదమావయ్యగారు స్నానం చేసి, చేత్తో తువ్వాళ్ళని ముట్టకూడదు కనక మడిబట్టలు ఎత్తే దండెంకర్ర అడిగి తీసుకుని మెషీన్ ముందు నిలబడ్డారు. కర్ర ఏ చివర పట్టుకోవాలో ఆయనకి తెలిసినట్టు లేదు. పొడిచారు, తిప్పారు, ఒకసారి నా కళ్ళజోడు రాలగొట్టారు. ఎట్టకేలకి కర్ర చివర పంచె వేలాడుతూ బయటికొచ్చింది.

ఎక్కడా మచ్చలు లేవు, చారలు లేవు. అంచు నుంచి అంచుదాకా, డబ్బులిచ్చి అద్దకం వేయించినా రానంత నిండైన కాషాయం.

కింద అల్లవరం వాళ్ళ కారు హారన్ మోగుతోంది. ముహూర్తం ముంచుకొస్తోంది. కొట్లు తెరవలేదు. బురద పంచె బురదతోనే ఉంది.

"లుంగీ ఉందండీ" అన్నారు మా ఆయన.

"నోరు ముయ్యరా" అన్నారు పెదమావయ్యగారు. ఆ కాషాయమే తడిగా చుట్టుకుని, నావైపు చూడకుండా మెట్లు దిగారు. మా ఆయన వెనకాల పరిగెత్తారు.

అల్లవరంలో జరిగింది మా ఆయన చెప్పగా విన్నదే. కారు దిగీదిగగానే ఇంటి యజమాని సాష్టాంగపడ్డాడట. అతని వెనక అతని బావమరుదులు, వాళ్ళ వెనక వంటవాళ్ళు.

"లేవండయ్యా, టైమైపోతోంది. హోమం దగ్గర అన్నీ సర్దేరా?"

యజమాని చేతులు నలుపుకున్నాడట. "స్వామీ, తమరింక హోమం చేయించకూడదేమోనండి."

"ఎవడయ్యా స్వామి? నేను నిన్న నీతో ఫోన్లో మాట్లాడిన శాస్త్రినే."

"ఆయ్, నిన్న శాస్త్రిగారేనండి. ఇవాళ సంగతే అడుగుతున్నానండి."

"రంగంటిందయ్యా. మా అమ్మాయి తువ్వాళ్ళతో కలిపి ఉతికింది."

"వైరాగ్యానికి ఏదో ఒక కారణం ఉంటుందండీ మరి" అంటూ ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడట.

ఆఖరికి పూజ అయ్యాక ఇవ్వాల్సిన కొత్తపంచెలు ముందే తడిపి ఇచ్చి, కట్టించి, ఆ గండం గట్టెక్కించారు. ఈలోగా ఎవరో ఫోటో తీశారు. అది ఫోన్ల మీద ఫోన్లు దాటి కొత్తపేట అవతలకి చేరిపోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ తిరిగొచ్చారు. పెదమావయ్యగారు తెల్లటి కొత్తపంచెలో, కుర్చీలో కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నారు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అప్పుడు ఆటో ఆగింది. పెద్దత్తయ్యగారు, పెదమావయ్యగారి భార్య, చేతిలో పెద్ద సంచితో మెట్లెక్కి వచ్చారు. నేను పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. ఆవిడ నన్ను తప్పించుకుని కుర్చీ ముందు నిలబడ్డారు.

"తెల్లబట్టలు కట్టుకున్నారేమిటి?"

"మరేం కట్టుకోమంటావు?" అన్నారాయన.

"సన్యాసం పుచ్చుకున్నారన్నారు. ఫోటో చూసేను."

"సన్యాసమూ లేదు, గిన్యాసమూ లేదు. ఈ అమ్మాయి ఎర్ర తువ్వాలుతో కలిపి నా పంచె ఉతికింది. అంతే."

ఆవిడ సంచి కింద పెట్టి, కూలబడినట్టు కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. "తప్పైపోయిందండీ పెద్దత్తయ్యగారూ. బస్సులో ఎంత కంగారు పడ్డారో."

"కంగారెందుకే. దారి పొడుగునా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చేను."

"సన్యాసం అబద్ధమవ్వాలనాండీ?"

"కాదే. నిజమవ్వాలని."

ఆవిడ మాట మొదలుపెట్టారు. గొంతు పెంచలేదు, కాని నా కోపం ఆ కోపం ముందు పసిపిల్ల. "కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మడిపంచెలు కర్రతో ఎత్తి ఆరేస్తున్నాను. వానొస్తే లోపలికి, ఎండొస్తే బయటికి. పిల్ల ఏడుస్తున్నా చంకనేసుకుని ఆరేసేను. జ్వరమొస్తే చన్నీళ్ళు పోసుకుని ఆరేసేను. ఒక్కనాడు ఈయన ఆ కర్ర పట్టుకున్నారా? స్వాములవారైపోతే శిష్యులు ఆరేసుకుంటారు, నాకు భుజాల నొప్పి తగ్గుతుంది, హాయిగా రాజోలు వెళ్ళి మా చెల్లెలి దగ్గర ఉంటాననుకున్నాను. బట్టలు కూడా సర్దుకున్నాను."

సంచి తెరిచి చూపించారు. నిజంగానే సర్దుకున్నారు. పైన స్వెటర్ కూడా ఉంది. చలికాలందాకా ఉండే ఉద్దేశమన్నమాట.

ఆవిడ కాఫీ తాగి, నా తల నిమిరి, "నువ్వు బెంగపెట్టుకోకే, నీ తప్పేం లేదు" అని, వచ్చిన ఆటోనే పిలిపించుకుని రాజోలు బస్సెక్కడానికి వెళ్ళిపోయారు. ఆయన ఇక్కడ, ఈ కుర్చీలో, ఇంటికెళితే ఎవరు అన్నం వండుతారో తెలియని గృహస్థుగా మిగిలిపోయారు. వారం రోజులు మా ఇంట్లోనే ఉండి, మా కమ్మీ మీదే పంచెలు ఆరేసుకున్నారు.

ఆ వారం చివర్లో, పొయ్యి మీద చెయ్యి చాపి ఒట్టేసుకున్నాను. ఇకమీదట కోపంగా ఉన్నప్పుడు మీట అనేదే నొక్కను. నాది కాని పంచె బాత్రూమ్ మొత్తం ఆక్రమించినా వేలు తగలనివ్వను. అన్నిటికన్నా ముఖ్యంగా, పెళ్ళై ఏళ్ళు గడిచిన ఏ ఇల్లాలికీ ఇలాంటి ఉత్తి ఆశలు కల్పించను.