అయస్కాంతం పట్టని ఎరుపు

మా దీవిలో సాంత్ర్ ద ఫ్లాక్ ఊరి చుట్టుపక్కల కమ్మరులందరికీ అయస్కాంతంతో ఉక్కు వేడి చూడడం నేర్పింది నేనేనని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. అందరూ అంటే ఇద్దరు. అందులో ఒకాయన మా మామ, నా భార్య తండ్రి. ఆయనకి నేను నేర్పానా అంటే, వినండి.

చెరకు ఎస్టేటు మిల్లులో కొలిమి మామది. తిత్తి, సమ్మెట నావి. చెరకు కత్తికి పదును నిలవాలంటే ఉక్కుని సరైన ఎరుపు దాకా కాచి నీళ్ళలో ముంచాలి. తక్కువ కాగితే అంచు వంగుతుంది, మరీ కాగితే పెచ్చులూడుతుంది. ఆ ఎరుపు బాగా కనబడాలని మామ కిటికీకి గోనె కట్టేవాడు. కానీ అప్పటికే ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. ఆ సంగతి నాకూ నా భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు చూసి చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పాను. కిందటి కోతల్లో వంగి తిరిగొచ్చిన కత్తులన్నీ నేను చూసి చెప్పినవే.

ఈసారి కోతలకి ముందు పది కత్తులు తన ఎదుటే కాచి చూపించమన్నాడు మిల్లు ఇంజినీరు. అవి నిలవకపోతే కొలిమి దగ్గరికి ఫీనిక్స్ ఊరి నుంచి వేరే మనిషి వస్తాడు.

పాడైన మోటారు బండిలోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి మా దగ్గర ఉండేది, నేల మీద పడ్డ మేకులు ఏరడానికి. ఒక రోజు మామని ఆటపట్టిద్దామని, ఆయన పట్టుకారులో ఉన్న ఎర్రటి కత్తిని దాంతో లాగబోయాను. అంటుకోలేదు.

"ఇది సచ్చిపోనాది మామా, పారేత్తాను."

"ఆగవయ్యా, ఏటి పారేత్తావు? ముందు కత్తి సల్లారనీ."

ఎరుపు కాస్త తగ్గగానే టక్కున అంటుకుంది. మామ మళ్ళీ కాచాడు; మళ్ళీ వదిలేసింది. వదిలేసిన క్షణంలో నీళ్ళలో ముంచి ఆకురాయితో గీశాడు. ఆకురాయి జారిపోయింది. ఉక్కు అంత గట్టిపడింది.

"లోపల ఏదో మారతాది అల్లుడూ. మారీసరికి అయస్కాంతం ఒగ్గేత్తాది. ముంచాల్సింది అప్పుడే."

నా ఆవిష్కరణ అదీ.

ఇంజినీరు వచ్చిన రోజున నేను ఊరుకున్నానా! అయస్కాంతాన్ని కాగిన కత్తి మీదే అదిమి పెట్టి, ఇక్కడి క్రియోల్ భాషలో ఉపన్యాసం మొదలుపెట్టాను. మూడో కత్తికల్లా అయస్కాంతమే వేడెక్కిపోయింది. నీళ్ళలో ముంచి తీసినా చల్లటి మేకుని కూడా ఎత్తలేకపోయింది. ఇంకా ఏడు కత్తులున్నాయి.

"సంపేసేవు కదయ్యా! నీ నోరు సల్లగుండ," అన్నాడు మామ, ఇంజినీరు దొరకి అర్థం కాకుండా తెలుగులో.

"కొసపేణం ఉన్నాదేమో సూడు మామా..."

మామ కిటికీ గోనెలోంచి ఒక దారం లాగాడు. అయస్కాంతాన్ని దానికి వేలాడదీసి కత్తి పక్కగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బరువు మోసే శక్తి లేకపోయినా అది కత్తి వైపు జరగబోతోంది. ఆ లాగుడు దారం వెంట ఆయన వేళ్ళకి తెలుస్తోంది. కత్తిని తిరిగి నిప్పుల్లో పెట్టాడు. తీసి చూశాడు. ఇంకా లాగుతోంది. మూడోసారి దారం తిన్నగా నిలిచిపోయింది. కత్తి నీళ్ళలో చుయ్యిమంది. ఏడూ అలాగే కాచాడు. నేను తిత్తి ఊదాను, అంతే.

పెళుసు తగ్గడానికి కత్తుల్ని వేడి ఇసుకలో కాసేపు ఉంచి తీశాక, ఇంజినీరు పదింటినీ మొద్దు మీద కొట్టి చూశాడు. ఒక్కటీ వంగలేదు, పెచ్చూడలేదు.

"ఆ దారం ఎవరి ఆలోచన?" అన్నాడు.

"మా అల్లుడి తెలివి, మిస్యే," అన్నాడు మామ దొరతో.

ఇంజినీరు దారాన్ని చూశాడు. మామ కళ్ళల్లోకి కాసేపు చూశాడు. "కోతలకి కావాల్సిన మిగతా కత్తులు రేపు మొదలుపెట్టు," అని వెళ్ళిపోయాడు.

తన వేళ్ళ సంగతి చెబితే కళ్ళ సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని మామ భయం. కాబట్టి ఈ అబద్ధం మొదలుపెట్టింది నేను కాదు. ఆయన పోయాక కూడా ఆపకపోవడం మాత్రం నా పనే. ఆ రెండో కమ్మరికి నేర్పింది కూడా ఆయనే.