మా చెల్లె కాళ్లు ముట్టి చూసిన ఆపా

మా చిన్నప్పుడు... బస్సులు బందైన ఒక రోజు, అమ్మ మా చెల్లెను చంకనెత్తుకుని కొడిమ్యాల దాకా నడిచింది. వెనక సద్దిమూట పట్టుకుని నేను. నాకు పదేళ్లు, చెల్లె లతకు ఐదు. పుట్టినప్పటి నుంచి దాని రెండు కాళ్లు కత్తెరలా పెనవేసుకుని బిగుసుకుపోయి ఉండేవి. నిలబెడితే మునివేళ్ల మీద వణికేది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నవాళ్లు మమ్మల్ని చూసి లేచి దారిచ్చారు... చెల్లెకింత కిచిడీ తినిపించారు. మేం పోతున్నది అక్కడి బడిలో పెట్టిన వికలాంగ పిల్లల వైద్య శిబిరానికి. పట్నం నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నారు.

షామియానా వేదికకే సరిపోయింది. పిల్లలకు ఎండ... వేదిక మీద పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఒక నాయకుడు లేచి, వీళ్లంతా దేవుని బిడ్డలని గంటసేపు చెప్పాడు. దేవుని బిడ్డలకు కూడా దూపైతుందన్న సంగతి ఆయనకు తెలియదు. నీళ్ల సీసాలన్నీ ఆయన ముందే ఉన్నాయి.

తర్వాత లతను ఎత్తి కొత్త మూడు చక్రాల బండిలో కూర్చోబెట్టారు. నాయకుడు దాని తల మీద చెయ్యి పెట్టాడు... కెమెరా వైపు చూసి నవ్వాడు. ఫోటో అయిపోగానే, "ఇంకో పొల్లను తేండ్రి" అన్నాడు. లత హ్యాండిల్ వదల్లేదు. దాని వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి దింపారు. అదే బండిలో ఇంకో పిల్ల... ఆ తర్వాత ఇంకో పిల్ల...

మిగతా బండ్లు లారీలో వస్తున్నాయని, సమ్మె వల్ల ఆగిపోయాయని చెప్పారు. వాళ్ల కార్లకు అడ్డం రాని సమ్మె ఆ లారీకే ఎట్లా అడ్డమొచ్చిందో మరి!

డాక్టరు దగ్గర మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో నాకిప్పటికీ గుర్తు. పొద్దున్నుంచి ఒక్క పిల్లనూ ముట్టుకోలేదు కదా... బల్ల అవతలి నుంచే లతను చూసి, "పోలియో. చేసేదేం లేదు. జరుగమ్మా" అన్నాడు.

అమ్మ జరగలేదు. లతను తీసుకెళ్లి ఆయన రాసుకుంటున్న రిజిస్టరు మీదే కూర్చోబెట్టింది.

"సారూ, ముట్టి సూడున్రి. వంకాయలు కొనేటోడు గూడ చేత వట్టి సూస్తడు."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, ఈమెను తీసుకెళ్లండని ఎవరికో చెప్పాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లతను మళ్లీ చంకనేసుకుని, "నడువు బిడ్డా. సారు చేతులు మాసిపోతయట" అంది నాతో... ఆయనకు వినపడేటట్టే.

బడి వరండా దాటుతుంటే ఒకామె ఆపింది. కోరుట్లలో పుట్టి, జగిత్యాలలో కాపురముంటున్న షాహీన్ ఆపా... ఆపా అంటే ఉర్దూలో అక్క. పిల్లల కాళ్లకు కసరత్తులు నేర్పడం ఆమె పని. ఆ రోజు మాత్రం ఆమెకు అప్పజెప్పింది, ఆ ఒక్క బండికి రిబ్బన్లు కట్టడం!

ఆమె నేల మీద కూర్చుని, లత మట్టి కాళ్లను ఒళ్లో పెట్టుకుంది. మెల్లగా వంచింది, చాపింది...

"గిది పోలియో గాదక్కా. పోలియో అయితే కాళ్లు మెత్తగైతయి. గివి బిగుసుకున్నయి. రోజు సాగదియ్యాలె. ఉరుకుతదని చెప్ప గాని, పట్టుకొని నడుస్తది."

"వాగు దాటి మా పల్లెకు బస్సు రాదు ఆపా."

"మోపెడ్ ఉంది. గురువారం గురువారం నేనే అస్త."

వచ్చింది. వాగు దగ్గర మోపెడ్ ఆపి, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి వచ్చేది. నులక మంచం మీద పడుకోబెట్టి లత కాళ్లు సాగదీస్తుంటే అది అరిచేది, కొరికేది... ఆపా ఒక్కనాడూ కసురుకోలేదు. అమ్మతో చేయించి, తప్పయితే మళ్లీ చేయించేది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే నాన్న, ఇంటికొచ్చినప్పుడు వాకిట్లో రెండు వెదురు బొంగులు అడ్డంగా కట్టాడు. వాటిని పట్టుకుని, తన ఎనిమిదో ఏట, లత నాలుగడుగులు వేసింది. అమ్మ అప్పుడు ఏడ్చింది.

ఈ లోపల ఆ నాయకుడు లత ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ పెట్టించుకున్నాడు... చెల్లె అందులో బండి మీదే ఉంది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మా ఇంటి గడప ఏ దిక్కున ఉందో కూడా ఆయనకు తెలియదు.

లత ఇప్పుడు సిరిసిల్లలో బట్టలు కుడుతుంది. ఒక చేత కర్ర పట్టుకుని తనే బస్సెక్కుతుంది. ఆపాకు మోకాళ్ల నొప్పులు... మోపెడ్ ఎప్పుడో అమ్మేసింది.

రాష్ట్రం వచ్చింది. మా వాగు మీద వంతెన పడింది, ఇంటి ముందుకే కార్లొస్తున్నాయి. దిగి, నేల మీద కూర్చుని, ఒక పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకునేవాళ్లే కనబడటం లేదు...

మీ ఊరికి అట్లా నడిచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి కింద రాయండి. పెద్దమనుషుల గురించి వద్దు... వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఎట్లాగూ ఉంటాయి.