మామయ్య మేత ట్రే వీడియోలు

ఈ ఉదయం మామయ్య ఫోను కిటికీ పక్కన చార్జింగ్‌లో ఉంది. రొయ్యల గుంట గట్టు మీద తడవకుండా ఆయన చుట్టిన ప్లాస్టిక్ కవరు, దానికి వేసిన రబ్బరు బ్యాండు అలాగే ఉన్నాయి. అత్త పెట్టినట్టుంది. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యలు పెంచే మా మామయ్య, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, కిందటి నెల గుండెపోటుతో చనిపోయాడు. నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలోనే ప్రాణం పోయింది.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేనూ కాదు. సెలవులకు వచ్చి వరండాలో పుస్తకంతో కూర్చుంటే, ఆయన ఎదురుగా వల బాగు చేసుకుంటూ ఎప్పటికో ఒకసారి, కథ ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. చెబితే చివరిదాకా వినేవాడు. చదువుకుంటున్నానని టీవీ తగ్గించిన మనిషి మా బంధువుల్లో ఆయనొక్కడే.

మాటలన్నీ గుంట దగ్గర వాడేసేవాడు. పొద్దున మేత వేశాక, ఎంత తిన్నాయో చూడటానికి నీళ్ళలో దించిన ట్రే పైకి లాగి, ఇంకో చేత్తో వీడియో తీసేవాడు. నిన్నటి ట్రేతో పోల్చుకోవడానికట. మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండిందా లేదా, గాలి ఎటు తిరిగింది, అన్నీ చెప్పేవాడు. ఏ వీడియోలోనూ ఆయన ముఖం ఉండదు. తడి చెయ్యి, ట్రే, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు, ఆయన గొంతు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ వీడియోలు అత్తకు పెట్టేవాడు. "బాగానే తింటుండాయి" అని ఫోనులో ఆయన గొంతు అనగానే అత్త అందుకునేది.

"బాగానే అంటుండావంటే బాగలేనట్టే. రేపు మేత తగ్గించు."

"గుంట నాదా, నీదా మే?" అని నవ్వేవాడు. మర్నాడు తగ్గించేవాడు కూడా.

ఫోను నిండిపోయిందని పిలిస్తే, వీడియోలన్నీ క్లౌడ్‌లోకి వెళ్ళేలా పెట్టింది నేనే. ఫోనులో చోటు చేసుకోవడానికి వేరే బటన్ ఉందని చూపించాను. మామూలుగా డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతాయనీ చెప్పాను. తలూపాడు.

రొయ్యల పట్టుబడి అయ్యాక గుంటలో నీళ్ళన్నీ తోడేసి, నేల బీటలు వారేదాకా ఎండబెట్టి, సున్నం చల్లుతారు. మూలన చిన్న మడుగు మిగిలినా మామయ్య ఒప్పుకునేవాడు కాదు. "పాత నీళ్ళలో కొత్త రొయ్యపిల్ల వేస్తే పాత రోగమే పట్టుద్ది" అనేవాడు. ఈసారి గుంటతో పాటు ఫోనుకూ అదే చేశాడు. కొత్త పంట కోసం పాత వీడియోలన్నీ తుడిచేశాడు. ట్రాష్‌లో మిగిలినవి మడుగులా కనిపించాయేమో, దాన్నీ ఖాళీ చేశాడు. ఫోను శుభ్రమైంది, అసలైనవన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉండాయని అత్తతో గొప్పగా చెప్పాడట. కొత్త పిల్ల వేసే లోపలే పోయాడు.

కర్మలకు వచ్చిన జనం పలచబడ్డాక అత్త నన్ను పిలిచి, ఒక్క వీడియో పెట్టమంది. తెరిచాను. ఏమీ లేదు. నెల్లూరులో ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాను. అతను చాలాసేపు చూసి, ట్రాష్ కూడా తీసేసినారక్కా, ఇంక రావు అని ఫోను నా చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను.

"క్లౌడ్‌లో ఉండాయని నాతో చెప్పినాడే పాపా. సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాను. అక్కడ లేవని తెలిసీ, ఆమె పక్కన కూర్చుని రోజూ చూస్తున్నాను.

ఫొటోలున్నాయి కదా అని బంధువులు ఓదారుస్తున్నారు. ఆయన పెళ్ళి ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టారు. ముఖం చాలా స్పష్టంగా ఉంది.

షుగర్ వల్ల అత్తకు చూపు పోయి చాలా ఏళ్ళయింది.