పదును రోజుల లెక్క

రాయదుర్గంలో నేను పనిచేసిన జీన్స్ యూనిట్‌కి కంప్యూటర్ వచ్చిన రోజు దానికి కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, హారతి ఇచ్చారు. ఆ తర్వాత ఓనరన్న నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. బీకాం చదివి, అనంతపురంలో కంప్యూటర్ కోర్సు చేసిన నాకు అన్నీ వచ్చని ఆయన నమ్మకం. నేనూ కాదనలేదు, జీతం వస్తుంది గదా.

మా వ్యాపారం సంగతి చెప్తాను. బళ్లారి సేటు గుడ్డ కత్తిరించి పంపేవాడు, మేం ప్యాంట్లు కుట్టి పంపేవాళ్లం. ప్రతి వేసవిలోనూ ఆయన ఫోన్ చేసి, వానాకాలంలో ఎన్ని ప్యాంట్లు ఇవ్వగలవని అడిగేవాడు. ఓనరన్న నోటికొచ్చిన అంకె చెప్పేవాడు, ప్రతిసారీ మాట తప్పేవాడు. కారణం అందరికీ తెలిసిందే. కుట్టేవాళ్లలో చాలామంది కుందుర్పి వైపు పల్లెలవాళ్లు. వారమంతా అద్దె గదుల్లో ఉండి ఆదివారం ఊరికి పోయేవాళ్లు. అక్కడివన్నీ ఎర్రనేలలు. వాన పడితే పదును ఎక్కువ రోజులు నిలవదు, నేల ఆరేలోపే వేరుశనగ విత్తేయాలి. అందుకని ఊళ్లో వాన పడిందన్న కబురు రాగానే చెప్పాపెట్టకుండా సగం మిషన్లు ఖాళీ అయ్యేవి.

ఆ వేసవిలో సేటు గట్టిగానే చెప్పాడు, ఈసారి మాట తప్పితే పని వేరేవాళ్లకు ఇస్తానని. ఓనరన్న ఆ కోపమంతా మా మీదికి మళ్లించాడు.

"ఈతూరి చెప్పకుండా పోయినోళ్ల మిషను ఇంకొకరికి ఇచ్చేస్తా. మళ్లా వచ్చి కాళ్లు పట్టుకున్నా తీసుకునేది లేదు" అని అందరి ముందూ ప్రకటించాడు.

అలా పోయేవాళ్లలో మా అక్క కూడా ఉండేది. ప్యాంటుకు బెల్టుపట్టీ వేసే మిషన్ ఆమెది. మెట్టినిల్లు కుందుర్పి పక్కన, కొద్దిగా మెట్టపొలం. నాతోపాటు ఒకే గదిలో ఉండేది. ఆమెకు పొలమూ కావాలి, మిషనూ కావాలి. ఏ ఒక్కటి పోయినా ఆ ఇల్లు గడవదని నాకు తెలుసు. అందుకే ఆ ప్రకటన విన్నప్పుడు నాకు భయం వేసింది.

అప్పుడే ఓనరన్న స్నేహితుడొకాయన బెంగళూరు నుంచి వచ్చి, వ్యాపారానికి డేటా కావాలి, దానికో పద్ధతి కావాలి అని ఉపదేశించి, ఒక ఫారం చేతిలో పెట్టి వెళ్లాడు. ఇక నా తిప్పలు మొదలయ్యాయి. దారం ఎంత అయింది, సూదులెన్ని విరిగాయి, కరెంటు ఎప్పుడు పోయింది, టీలెన్ని తాగారు, అన్నీ ఎక్కించాలి. ఓనరన్న సాయంత్రం పూట వచ్చి తెర మీద అంకెలు చూసి మురిసిపోయేవాడు. కొన్నాళ్లకు నాకు ఒళ్లు మండింది.

"అన్నా, ఇవన్నీ తెలిస్తే నువ్వు రేపు ఏం మారుస్తావు?" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "ఏం మారుస్తానమ్మా? సేటుకు ఎంత చెప్పల్లనో తెలిస్తే సాలు నాకు."

"మరి దానికి టీల లెక్క ఎందుకు?"

మర్నాటి నుంచి టీలూ సూదులూ మానేశాం. తర్వాత ఎందరో పెద్దవాళ్లు పనికొచ్చే లెక్కే కట్టాలన్న ఇదే విషయాన్ని పెద్ద పెద్ద మాటల్లో చెప్పగా విన్నాను. మాకు మాత్రం అది ఒక్క పూటలో తేలింది. వానాకాలంలో మిషన్ల మీద ఎందరు ఉంటారు? తెలియాల్సింది అదొక్కటే.

ఫారంలో దానికీ ఒక ప్రశ్న ఉంది: జూన్, జూలైలలో ఎన్ని రోజులు సెలవు పెడతారు? అందరినీ అడిగాను. అందరిదీ ఒకటే మాట, "యాడికి పోతాం పాపా, దినామూ వస్తాం" అని. ఓనరన్న సంబరపడి, ఆ లెక్కనే సేటుకు చెప్పేస్తానన్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. రెండు రోజులు ఆగమని బతిమాలుకున్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ అక్క మీద విరుచుకుపడ్డాను. "నువ్వు గూడా అబద్ధం చెప్తివే!"

"అబద్ధమేముండాది? రాని వాన పేరు చెప్పి సెలవడిగితే వచ్చే వాన గూడా పోతాది. మన నాయన ఎప్పుడన్నా రేపు విత్తుతామని ముందుగా నోరెత్తినాడా?" అంది.

నిజమే, నాయన ఎప్పుడూ అనలేదు. వానను నమ్ముకుని ముందుగా మాట్లాడటం మావైపు అపశకునం. ఆ ప్రశ్న వేసినంతకాలం ఆ జవాబే వస్తుంది. ఎవరినని తిట్టుకోవాలో తెలియక ఫారాన్నే తిట్టుకున్నాను.

ఆ ఆదివారం అక్క ఊరికి పోయివచ్చి, నేను అడక్కుండానే చెప్పింది. "ఇత్తనాలు తెచ్చినాం మే. ఈతూరి కాయ బాగుండాది. అటక మీద పెట్టినాం." ముఖం వెలిగిపోతోంది. వాన గురించి నోరు మెదపని మనిషి విత్తనం గురించి ఆపకుండా మాట్లాడుతోంది. రాబోయేదాన్ని గురించి మాట్లాడకూడదు, ఇంట్లోకి వచ్చేసినదాన్ని గురించి మాట్లాడొచ్చు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మర్నాడు మిషన్ల మధ్య తిరుగుతూ సెలవుల ఊసే ఎత్తలేదు. విత్తనం తెచ్చుకున్నారా? గొర్రు సొంతమా, బాడుగా? గొర్రు వెంట నడిచి విత్తనం వదిలేది ఎవరు? అంతే, ఒక్కొక్కరు ఒక పురాణం విప్పారు. ఇంట్లో విత్తనం ఉండి, వదిలే మనిషి తనే అయితే, వాన పడ్డ రోజు ఆ మనిషి మిషన్ మీద ఉండదు. అలా సేటుకు చెప్పాల్సిన అంకె తేలింది. దినామూ వస్తామన్న లెక్కలో సగం కంటే కాస్త ఎక్కువ.

"ఇంత తక్కువ చెప్తే సేటు ఉమ్మేస్తాడు గదమ్మా" అన్నాడు ఓనరన్న.

"ఎక్కువ చెప్పి తప్పితే పనే ఉండదు. తక్కువ చెప్పి, పోయినోళ్ల మిషన్లు వాళ్లకే ఉంచన్నా" అన్నాను.

రెండు రోజులు ఊగిసలాడి ఒప్పుకున్నాడు. సేటు సణిగాడు కానీ సరేనన్నాడు.

ఆ ఏడు వాన పడలేదు.

జూన్ పోయింది, జూలై పోయింది. ఒక్క మిషనూ ఖాళీ కాలేదు. చెప్పినదానికంటే ఎన్నో ఎక్కువ ప్యాంట్లు బళ్లారికి పోయాయి. సేటు స్వీట్లు పంపి, వచ్చే ఏడు ఇదే లెక్కన ఇస్తే పని పెంచుతానన్నాడు. ఓనరన్న గాల్లో తేలుతూ వచ్చాడు.

"అమ్మా, ఇదీ మన కెపాసిటీ! కంప్యూటర్లో ఎక్కించు, వచ్చే ఏటికి ఇదే చెప్తాం."

అది మధ్యాహ్నం, అందరూ క్యారియర్లు విప్పారు. కొన్ని రోజులుగా ఎవరి గిన్నెలో చూసినా వేరుశనగ పచ్చడే, మా సెనిక్కాయల ఊరుబిండి. ఆ రోజు అక్క గిన్నెలోనూ అదే. విత్తే అదను దాటిపోయింది. అటక మీది విత్తనం దిగివచ్చి, వేగి, నలిగి, సంగటిలోకి వచ్చింది. అక్క తల వంచుకుని తింటోంది. నాకు ఏడుపొచ్చింది.

"ఇది మన కెపాసిటీ కాదన్నా" అన్నాను. "ఇది కరువు. ఈ అంకె సేటుకు చెప్తే, వచ్చే ఏడు వాన పడకూడదని మనమే దండం పెట్టుకోవాల."

ఆయన ముఖం మాడిపోయింది. కోప్పడతాడనుకున్నాను. కానీ ఆయన నాయనదీ ఉరవకొండ దగ్గర మెట్టసేద్యమే. వరండాలోకి పోయి మబ్బు లేని ఆకాశం చూశాడు. వచ్చి, నా ముందే బళ్లారికి ఫోన్ చేసి, ఆ వేసవిలో చెప్పిన చిన్న అంకే మళ్లీ చెప్పాడు. పెంచుతానన్న పనిని సేటు వేరే యూనిట్‌కి ఇచ్చుకున్నాడు. కొత్త మిషన్లు కొనాలనుకున్న ఓనరన్న ఆ మాట ఎత్తడం మానేశాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

మరుసటి ఏడు జూన్‌లో కుందుర్పి వైపు వాన పడింది. తెల్లారేసరికి అక్క గదిలో లేదు. నేను యూనిట్‌కి పోయేసరికి సగం మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. బెల్టుపట్టీ మిషన్ మీదా అంతే, అక్క చోట ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఓనరన్న వరుసల మధ్య నిలబడి చూస్తున్నాడు. అంతలో ఫోన్ మోగింది. సేటు. పని ఎట్లా సాగుతోందని అడిగినట్టున్నాడు.

"సగం మిషన్లు ఖాళీ, సేటూ" అన్నాడు ఓనరన్న. గొంతు పెద్దది చేశాడు. "మావోళ్లు యాడికి పోయినారనా? మా పక్క వానొచ్చింది సేటూ, వానొచ్చింది!"