చెవి మొదలు ముట్టి చూసేవాళ్లం

మొన్న మంగళవారం పొద్దున, సరిగ్గా తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, గౌలిపురలో మా గడప ముందు సర్కారు తరఫున పశువుల సర్వే చేసే అమ్మాయి వచ్చి నిలబడింది. నిమిషాలతో సహా ఎందుకు చెబుతున్నానంటే, మా ముత్యానికి నానబెట్టిన శనగలు పెట్టే వేళ అది. కోడలు బకెట్ దించింది, నేను అలవాటుగా గోడ గడియారం చూశాను, తల తిప్పేసరికి మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోనుతో ఆ అమ్మాయి ఉంది. ముత్యం అంటే మా కొడుకు పెళ్లి బారాత్‌లకు తీసుకుపోయే తెల్ల ఆడగుర్రం. కొడుకు ఆ పూట జల్‌పల్లిలో ఎవరిదో పెళ్లి బేరం మాట్లాడటానికి పోయాడు కాబట్టి జవాబులు చెప్పే పని నా మీద పడింది.

అమ్మాయి అడిగింది, నేను చెప్పాను. గుర్రాలు ఎన్ని, ఒకటి. వయసెంత, ఎనిమిది. ఈ ఏడు టీకా వేయించారా, వేయించలేదు. డాక్టరుకు చూపించారా, ఆరు నెలలైంది చూపించక. నట్టల మందు తాగించిన చీటీ ఉందా, మందు తాగించాం గానీ చీటీ లేదు. అమ్మాయి టకటకా నొక్కుకుంటూ పోయి, చివరికి వేలితో సంతకం గీయమని ఫోను నా ముందు పెట్టింది. గీసే ముందు చదువుతానన్నాను. నాకు అక్షరాలు ముప్పై ఐదు దాటాక వచ్చాయి. ఇప్పటికీ వేలు ఆనించి ఒక్కో మాటా కూడబలుక్కుంటాను. కానీ ఒక్క మాట మాత్రం ఎంత దూరంలో ఉన్నా గుర్తుపడతాను. గుర్రం ఆరోగ్యానికి ఇంట్లో తీసుకునే జాగ్రత్తలు అని ఉన్నచోట ఎదురుగా ఆ మాటే ఉంది. "ఏమీ లేదు."

ఈ మాటతో నా పగ నలభై ఏళ్ల నాటిది.

మీలో టాంగా ఎక్కినవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. చార్మినార్ నుంచి అడ్డా మీది బండ్లలో పోతుంటే లాడాల చప్పుడుకు నిద్ర ముంచుకొచ్చేది, సీటు కింద గడ్డి వాసన చీరలకు అంటుకుని ఇంటిదాకా వచ్చేది. అట్లాంటి టాంగా ఒకటి మా మామది. దాన్ని లాగే గుర్రం పేరు బతాసా, జాతరలో అమ్మే చక్కెర బిళ్ల తెలుపు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మామకు ఒక నేమం ఉండేది. పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా పోయి, బతాసా చెవుల మొదళ్లను మునివేళ్ల వెనకవైపుతో ముట్టి చూసేవాడు. వేడిగా ఉంటే ఒక లెక్క, చల్లగా ఉంటే ఒక లెక్క. తరువాత పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడటం, లద్దె ఉండను కాలితో విడగొట్టి చూడటం, డొక్కకు చెవి ఆనించి కడుపులో గురగురలు వినడం, డెక్కల సందుల్లో మట్టి తీసి వాసన చూడటం. జీను పట్టీ ఒరుసుకునే చోట మా అత్త పాత చీరలతో బొంత కుట్టి పెట్టేది. చెమటతో వచ్చిన గుర్రానికి గల్లీలో నాలుగు తిప్పులు తిప్పి ఆరిన తరువాతే నీళ్లు. ఇవన్నీ పూర్తయ్యాకనే మామకు చాయ్. ఒకనాడు చెవి చల్లబడిందని బండి కట్టకుండా ఇంట్లో కూర్చున్నాడు, ఆ పూట మేమందరం గంజి తాగాం.

అప్పుడొచ్చిన సర్వే మనిషి కాగితాల అట్టతో వచ్చాడు. గుర్రాలకు ముక్కు కారే అంటురోగం పాకుతోందని ఊర్లో లొల్లిగా ఉన్న రోజులవి. మామ ఆయనకు మంచం వాల్చాడు, అత్త మజ్జిగ ఇచ్చింది. నేను కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు వెనక నిలబడ్డాను. ఆయన అడిగాడు, గుర్రానికి ఏమేం జాగ్రత్తలు తీసుకుంటున్నారని.

మామ చేతులు జోడించి, "మేమేం జేస్తం సాబ్, ఏం లేదు. అంత ఆ దేవుడే సూసుకుంటడు" అన్నాడు.

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. పశువును సాకే ఇళ్లలో అప్పుడు అదే పద్ధతి. కొత్తవాళ్ల ముందు జంతువును పొగడకూడదు, దానికి చేసే సేవ చెప్పుకోకూడదు, చెబితే దిష్టి తగులుతుంది. మా గల్లీలో బర్రెలు ఉన్నవాళ్లు కూడా పాలెన్ని ఇస్తుందంటే ఏదో ఇస్తుంది అనేవాళ్లు తప్ప లీటర్లు చెప్పేవాళ్లు కాదు. గుర్రం పక్కన పడుకునే మనిషి గుర్రానికి నేనేమీ చెయ్యనని చెప్పడం మాకు మర్యాద. ఆ వచ్చినాయనకు అది జవాబు. రాసుకున్నాడు, మామ బొటనవేలికి సిరా పూసి అద్దించుకున్నాడు, మజ్జిగ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

తలుపు వెనక ఉన్న నాకు అన్నీ తెలుసు. చెవి సంగతి, బొంత సంగతి, గంజి తాగిన పూట సంగతి. కోడలు పరాయి మగవాళ్ల ముందు నోరు విప్పకూడదు కాబట్టి విప్పలేదు.

పదిహేను రోజులకు నలుగురు మనుషులు తాళ్లతో వచ్చారు. రోగం పాకే కాలంలో ఏ జాగ్రత్తా తీసుకోని ఇళ్ల గుర్రాలను ఊరవతల షెడ్డులో పెట్టి పరీక్షిస్తారట. మామ అడ్డం పడ్డాడు. వాళ్లు కాగితం తీసి, ఇది నీ వేలిముద్ర కాదా అని అడిగారు. నాదే అన్నాడు మామ. బతాసా గల్లీ మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఇరవై రెండు రోజులు మామ శనగల మూట పట్టుకుని ఆ షెడ్డు దాకా నడిచి పోయాడు, లోపలికి రానివ్వకపోతే మూట గేటు దగ్గర ఇచ్చి నడిచి వచ్చాడు. ఇరవై మూడోనాడు రోగం ఏమీ లేదని చెప్పి గుర్రాన్ని ఇచ్చారు. తడి నేల మీద కట్టి ఉంచడంతో డెక్కలు కుళ్లిపోయి ఉన్నాయి. లాడాలు కొట్టే భాయ్ నాలుగు కాళ్లూ ఎత్తి చూసి, "పదేండ్ల సంది నేను సూస్తున్న కాళ్లు గివి. ఒక్క పగులు లేకుండె చాచా, ఒక్కటంటే ఒక్కటి" అని గుర్రం మెడ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. బతాసా బతికింది, మళ్లీ బండి మాత్రం లాగలేదు. మామ కూడా అంతే. బతికినన్నాళ్లూ అప్పుడప్పుడు బొటనవేలు వంక చూసుకునేవాడు.

ఆ ఏడే నేను మా కూతురి రెండో తరగతి పుస్తకం పట్టుకున్నాను. అ, ఆ తరువాత అమ్మ, ఆవు నేర్చుకోమంది అది. కాదు, ముందు నాకు "లేదు" ఎట్లా రాస్తారో చూపించమన్నాను. శనగల బస్తా మీద బొగ్గుతో రాయించుకుని, మా ఇంటిని ముంచిన మాట ఇంత చిన్నగా ఉంటుందా అని చాలాసేపు చూశాను.

అందుకే మొన్న ఫోనును వెనక్కి తోశాను.

"బిడ్డా, టీకా ఏపియ్యలే. అది లేదు అనే ఉంచు, అబద్ధం నాకొద్దు. ఈ సూసుకునుడు లేదన్న ముక్క తీసెయ్" అన్నాను.

"అమ్మమ్మా, డాక్టరు చీటీ లేకపోతే సిస్టంల గంతే వస్తది. ఇంక ఇరవై ఇండ్లు తిరగాలె నేను."

"తిరుగు. గిది తీసేసి తిరుగు."

ఎదురింటి ఖాలా కిటికీలోంచి అంతా చూస్తోంది. పరదా పక్కకు జరిపి, "అరె బేటీ, కూసొని చాయ్ తాగు. గీమె ఇడువదు. నల్బై ఏండ్ల సంది నాతోని కొట్లాడుతున్నది, ఒక్కసారి ఓడలే" అంది.

అమ్మాయి నిజంగానే కూర్చుంది. చాయ్ తాగుతూ ఎక్కడెక్కడో నొక్కి చూసి, కింద ఇతర వివరాలు అని ఒక గడి ఉంది, కొంచెమే పడుతుంది, చెప్పమంది. మామను చూసి నేర్చుకుని ముత్యానికీ రోజూ చేసేవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. చెవి, చిగుళ్లు, లద్దె, డొక్క, డెక్కలు, బొంత. కొత్త మనిషి ముందు, నడిగల్లీలో, గుర్రం వింటుండగా, మామ ఒక్కనాడూ చెప్పుకోనివన్నీ గొంతెత్తి చెప్పాను. కోడలు బిత్తరపోయి నా కొంగు లాగుతోంది. గడి నిండిపోయింది, ఇంత పట్టదు, ఒక్కటే చెప్పమని అడిగింది అమ్మాయి. అయితే చెవి ముక్క ఉంచి మిగతావన్నీ తుడిచెయ్యమన్నాను. "రోజూ పొద్దున చెవి మొదలు ముట్టి చూస్తారు" అని రాసింది. పైన ఉన్న "ఏమీ లేదు"ను "ఉంది"గా మార్చింది. రెండూ వేలు ఆనించి చదివి, అప్పుడు నా పేరు అక్షరాలా రాశాను. వేలితోనే, కానీ ముద్ర కాదు.

అమ్మాయి పోయాక ముత్యానికి ఉప్పు మిరపకాయలు దిగదుడిచాను. ఆ జాగ్రత్త సర్కారుకు చెప్పలేదు.

ఇప్పుడు టాంగాలు లేవు, అడ్డా ఉన్నచోట ఆటోలు నిలబడుతున్నాయి, గుర్రం చప్పుడంటే పెళ్లిబాజా వెనక వినబడేదే. దానికి నేను ఏడవను. చేసినదాన్ని చెప్పుకోకపోవడం అప్పటివాళ్ల అందం, ఆ అందాన్ని పట్టుకుని మామ పోయాడు. నాకు ఆ అందం వద్దు. అయినా ఒక్కటి అనిపిస్తుంది, ఆ గడిలోని ఆ ఒక్క ముక్కా ఎవరైనా మామకు చదివి వినిపిస్తే బాగుండునని.

మామ జవాబు చెప్పిన రోజు అక్కడున్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, ఆ రోజు నేను నోరు మెదపలేదు. అందుకని మొన్న ఎవరెవరున్నారో రాసి పెడుతున్నాను, రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యం ఉండాలి. శనగల బకెట్‌తో మా కోడలు. కిటికీలో ఎదురింటి ఖాలా. ముత్యానికి లాడాలు మార్చడానికి వచ్చి, సుత్తె పక్కన పెట్టి అంతా విన్న లాడాల భాయ్ కొడుకు. చాయ్ గ్లాసు పట్టుకున్న సర్వే అమ్మాయి. తొట్టిలో మూతి పెట్టి, చెవులు మాత్రం మా వైపు తిప్పిన ముత్యం. తలుపు ముందు నేను.