బావ నా కోసం ఆపిన పుస్తకం

మిరప కోతలో ఉండగా ఫోను వచ్చింది, సత్తెనపల్లి ప్రెస్సు బావ పోయాడని. చుట్టరికం లేదు. నలభై ఏళ్ళుగా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ తిట్టుకున్న మనుషులం. కోత ఆపించి వెళ్ళాను. మనిషిని చూశాను గానీ, చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఆయన శుభలేఖలూ కరపత్రాలూ అచ్చేసి బతికాడు. ప్రెస్సు మూతపడ్డాక, ఆ వయసులో, కంప్యూటరు ముందు కూర్చుని ఫోనులో చదివే పుస్తకాలు చేయడం మొదలుపెట్టాడు. అచ్చు కోసం ఎవరో ఎప్పుడో కంప్యూటర్లో కొట్టిన అక్షరాలు ఫోనులోకి వెళ్తే పిచ్చిగీతలయ్యేవట. మొత్తం మళ్ళీ కొట్టేవాడు. ప్రతి పేజీ రెండుసార్లు చదివేవాడు, రెండోసారి పైకి. "కన్ను దాటేసిన తప్పుని చెవి పట్టుకుంటుంది బావా" అనేవాడు.

మిరప సాగు గురించి నేను చెప్పింది పుస్తకం చేస్తానన్నాడు. రెండు వేసవులు మా వసారాలో కూర్చుని నేను వాగిందంతా రాసుకున్నాడు. అయ్యాక పలకలాంటి ట్యాబు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఒకసారి చూడు బావా. నువ్వు సరే అంటే బయటికి వదులుతా."

"కాగితం మీద తే, చూస్తా. అద్దంలో ఉండేది పుస్తకమా?"

"కాగితం మీద అక్షరం ఎంతుంటే అంతే. ఇందులో నీకెంత కావాలంటే అంత."

నా ఇబ్బంది కంటిది కాదు. నాది మూడో తరగతి చదువు, కూడబలుక్కుంటాను. మా ఊళ్ళో మిరప గురించి నన్నడగని రైతు లేడు. అలాంటి నేను ఆయన ముందు వేలు పెట్టి చదవడం నామోషీ అనిపించింది. కాగితం వంక పెట్టి పంపేశాను. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పంపేశాను. నువ్వే చూసి వదిలెయ్యమన్నా ఒప్పుకోలేదు. "చెప్పింది నువ్వు. నువ్వు చూడందే ఇది కదలదు." అలా ఏడాది పోగొట్టాను.

పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య, నాకు చెల్లెమ్మ, ఆ ట్యాబు నా చేతిలో పెట్టింది. "ఇది నీదేనని అంటూ ఉండేవాడన్నయ్యా" అంది. తెరిస్తే పేజీకి నాలుగే మాటలు, రేగుపండంత అక్షరాలు. నా చదువు సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసన్నమాట. ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వసారాలో కూర్చుని పైకి చదువుతున్నాను. వినేవాళ్ళు విననీ. చివరిదాకా చూశాకే సరే అంటాను. ఈ నాలుగు ముక్కలూ నేనే రాశాను, తప్పులుంటే దిద్దేవాడు లేడు.

ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. పసుపు రంగు పూసి ఆయన రాసుకున్నాడు: "విత్తనానికి ఏ కోత కాయ ఉంచాలి? బావని అడగాలి."

రెండో కోతది బావా, చెట్టు నడుమ కాసింది.

ఆ మాట అనుకుంటూ కూర్చునేసరికి అద్దం నల్లబడిపోతుంది. మిరప ఘాటు అంటిన వేలితో తాకుతాను. వెలుగుతుంది. పసుపు రంగులో ఆయన ఇంకా అడుగుతూనే ఉంటాడు.